లక్ష్మణుడు తలుపు తీసుకునే వెళ్ళాడు



మొన్నటి ఉత్తరకాండ వీడియోలో లక్ష్మణుడు, దూర్వాసుడు ఉన్న ఘట్టాన్ని నాలుగు నిమిషాల్లో ముగించేశాం. టైమ్ లేక కాదు. ఆ భాగానికి స్క్రిప్ట్ రాసింది నేనే. రాస్తూ రాస్తూ ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వీడియోలో చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తాను. కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

వీడియో చూడని వాళ్ళ కోసం ముందు కథ. రాముడి రాజ్యం చివరి రోజులు. కాలపురుషుడు తాపసి వేషంలో అయోధ్యకి వస్తాడు. బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి కబురు తెచ్చానంటాడు. కానీ ఒక షరతు పెడతాడు. మనిద్దరి మధ్య మాటలు మూడో మనిషి వినకూడదు, చూడకూడదు. ఎవరైనా విన్నా, చూసినా, వాళ్ళు నీ చేతిలో చావాలి. రాముడు సరేనంటాడు. ద్వారపాలకుణ్ణి పంపించేసి, ఆ చోట లక్ష్మణుణ్ణి నిలబెడతాడు.

లోపల మాటలు నడుస్తుండగా దూర్వాసుడు వస్తాడు. వెంటనే రాముణ్ణి చూడాలంటాడు. కాసేపు ఆగమంటే మండిపడతాడు. నిన్నూ, భరతుణ్ణీ, మీ సంతానాన్నీ, ఈ రాజ్యాన్నీ శపిస్తానంటాడు. లక్ష్మణుడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అందరూ పోవడం కంటే నేనొక్కణ్ణి పోవడం మేలు అనుకుంటాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, దూర్వాసులవారు వచ్చారని చెప్తాడు.

ఇంతా చేస్తే ఆ మహర్షికి కావాల్సింది భోజనం! వెయ్యేళ్ళ ఉపవాసం పూర్తయిందట, ఆకలేస్తోందట. స్క్రిప్ట్‌లో ఇక్కడ ఒక జోక్ రాసి కొట్టేశాను.

ఆ తర్వాత సంగతి తెలిసిందే. రాముడు ఇచ్చిన మాట తప్పలేడు, తమ్ముణ్ణి చంపలేడు. నన్ను శిక్షించి నీ మాట నిలబెట్టుకో అన్నయ్యా అని లక్ష్మణుడే అంటాడు. చివరికి వసిష్ఠుడు ఒక దారి చెప్తాడు: లక్ష్మణుణ్ణి విడిచిపెట్టెయ్యి అని. మంచివాళ్ళ విషయంలో విడిచిపెట్టడం, చంపడం రెండూ ఒకటే అంటాడు రాముడు. లక్ష్మణుడు ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా సరయూ నదికి నడిచిపోతాడు.

దీన్ని మనం అన్నదమ్ముల ప్రేమ కథగానో, సత్యవాక్యం కథగానో వింటూ పెరిగాం. అది నిజమే. కానీ నా ఉద్యోగం వల్లనో ఏమో, నాకు ఈసారి ఇది ప్రైవసీ కథలా కనిపించింది. ఇద్దరి మధ్య మాట ఇద్దరి మధ్యే ఉండాలన్న ఒప్పందం. దాన్ని కాపాడటానికి తలుపు దగ్గర నమ్మకమైన మనిషి. బయట, ఒప్పందం మీరకపోతే ఊరే నాశనమవుతుందన్న నిజమైన అత్యవసరం. మీరాక, దాని ఖర్చు.

ఇప్పుడు నా సంగతి.

మాది తిరువూరు. అప్పుడు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో మాత్రం నా హోదా 'కంప్యూటరోడు'. ఫోన్ స్లో అయినా, ప్రింటర్ కదలకపోయినా, ఆధార్‌కి నంబర్ లింకు కాకపోయినా నాకే కబురు. 2022 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా పెదనాన్న నన్ను మామిడితోటకి తీసుకెళ్ళాడు. పూత ఎలా ఉందో చూద్దాం రమ్మన్నాడు గానీ, విషయం వేరే. మా చెల్లి, అంటే ఆయన రెండో కూతురు, విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పంతొమ్మిదేళ్ళు. "నాన్నా, నువ్వు కంప్యూటరోడివి కదా, దాని వాట్సాప్ నాకూ కనపడేట్టు చెయ్యలేవా? ఏ ఉద్దేశంతోనూ కాదురా, భయం. రోజులు బాలేవు" అన్నాడు.

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, కాస్త గర్వపడ్డాను కూడా. పెద్దాయన నన్ను నమ్మి అడిగాడు కదా అని.

కనుమ తెల్లారి అందరం నెమలి వేణుగోపాలస్వామి గుడికి బయల్దేరే హడావిడి. చెల్లి తన ఫోన్ నా చేతికిచ్చి, "అన్నయ్యా, స్టోరేజ్ ఫుల్ అయిపోయింది, ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి తీసిపెట్టవా" అంది. లాక్ తీసి మరీ ఇచ్చింది. ఫోటోలు కాపీ అవుతుండగా, పెదనాన్న ఇంట్లో మూలనపడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, చెల్లి ఫోన్‌తో ఆ క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. పది సెకన్లు పట్టింది. తర్వాత గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. ఆ రోజు స్వామిని ఏం కోరుకున్నానో గుర్తులేదు.

నెలన్నర గడిచింది. చెల్లి తన స్నేహితురాలికి రాసిన మెసేజ్ పెదనాన్న చదివాడు. రెండు సబ్జెక్టులు పోయాయి, నాన్నకి ఇప్పుడు చెప్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తాడు, సప్లిమెంటరీ రాసి పాసయ్యాక చెప్తాను, అని ఉంది అందులో. పెదనాన్న మర్నాడే విజయవాడ వెళ్ళి చెల్లిని సామాన్లతో సహా ఇంటికి తెచ్చేశాడు. అంటే అది ఏం జరుగుతుందని భయపడిందో సరిగ్గా అదే జరిగింది. పెద్దమ్మ ఏడ్చి, తిట్టి, భోజనం మానేసి, రెండు నెలల తర్వాత మళ్ళీ పంపించింది. ఆ రెండు సబ్జెక్టులూ అది పాసయింది, చదువూ పూర్తి చేసింది. కానీ నాన్నకి ఎలా తెలిసిందన్నది ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చెప్పకముందే అర్థం చేసుకుంది. ఫోన్లో ఒక్కటే అడిగింది.

"అన్నయ్యా, ఫోటోలు కాపీ చేసిన రోజేనా?"

అవునన్నాను. పెట్టేసింది. ఆ తర్వాత నాలుగేళ్ళలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు.

ఇక్కడో చిన్న పక్కదారి, పనికొచ్చేదే. ఈ పోస్టు చదువుతున్న ఫోన్లోనే వాట్సాప్ తెరిచి, మెనూలోనో సెట్టింగ్స్‌లోనో లింక్డ్ డివైజెస్ అని ఉంటుంది, చూడండి. మీకు తెలియని కంప్యూటర్ పేరు అక్కడ ఉంటే దాని మీద నొక్కి లాగౌట్ చెయ్యండి. ఒక అకౌంట్‌కి నాలుగు పరికరాల దాకా కలపొచ్చు. మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అవి పనిచేస్తూనే ఉంటాయి.

నేను చేసింది నేరమా? చాలా కాలం ఈ ప్రశ్న వేసుకోలేదు. ఇంటి విషయం కదా అనుకున్నాను. తర్వాత ఉద్యోగంలో డేటా ప్రొటెక్షన్ ట్రైనింగులు మొదలయ్యాక, ఒక రాత్రి కూర్చుని చట్టాలు చదివాను. 2013లో ఐపీసీలో చేర్చిన 354డీ సెక్షన్ ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, మరే ఎలక్ట్రానిక్ మాధ్యమం వాడకాన్నైనా మగవాడు నిఘా పెట్టి చూస్తే అది స్టాకింగ్ కిందకి వస్తుంది. మొదటిసారికి మూడేళ్ళ దాకా జైలు. మినహాయింపులు ఉన్నాయి. ఆ పరిస్థితుల్లో అది సమంజసమే అనిపించుకోగలిగితే తప్పించుకోవచ్చు. కానీ తండ్రికి, అన్నకి, భర్తకి పేరుపెట్టి మినహాయింపు ఎక్కడా లేదు. అది చదివినప్పుడు నా అరచేతులు చెమట పట్టాయి.

తమాషా ఏంటంటే, కొత్తగా వచ్చిన డేటా చట్టం మాత్రం మన గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చింది, 2025 నవంబరులో దాని రూల్స్ వచ్చాయి. మీ డేటాని సరిగ్గా కాపాడకపోతే కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మా ఆఫీసుల్లో దీని గురించి నడిచినన్ని మీటింగులు దేని గురించీ నడవలేదు. కానీ అదే చట్టం మూడో సెక్షన్‌లో ఒక మాట ఉంది. ఒక వ్యక్తి తన సొంత అవసరానికో, ఇంటి అవసరానికో వాడుకునే డేటాకి ఈ చట్టం వర్తించదు. ఇది పెట్టకపోతే మనం ఫోన్లో సేవ్ చేసుకునే ప్రతి నంబరుకీ అనుమతి పత్రం తీసుకోవాలి, కాబట్టి పెట్టడం సబబే. అయినా ఆలోచించండి. కంపెనీ నా చెల్లి పుట్టినరోజు తేదీ పోగొడితే కోట్లలో శిక్ష. ఇంట్లో మేం దాని మనసు తెరిచి చదివితే, ఆ చట్టం లెక్కలో అది ఇంటి వ్యవహారం.

ప్రైవసీ అనగానే మనకి గుర్తొచ్చే పెద్ద తీర్పులన్నీ ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్యవి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామిగారు ఆధార్ మీద వేసిన కేసులో వచ్చింది అది. ఆ తొమ్మిది మందిలో జస్టిస్ చలమేశ్వర్‌గారిది మన ఉమ్మడి కృష్ణా జిల్లానే, పెదముత్తేవి. 2021 అక్టోబరులో పెగాసస్ మీద టెక్నికల్ కమిటీ వేసిన బెంచికి నాయకత్వం వహించిన చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణగారిది పొన్నవరం, మా ఎన్టీఆర్ జిల్లా. ఆ కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది, ఐదింట్లో ఏదో మాల్వేర్ దొరికింది, అది పెగాససే అని తేల్చలేకపోయింది, కేంద్రం సహకరించలేదని కోర్టుకి చెప్పింది. ఊరి అభిమానంతో ఈ పేర్లు చెప్తున్నానని మీకు అర్థమైపోయింది కదా, సరే. విషయం ఏంటంటే, రాజ్యం మన తలుపు దగ్గరికి వస్తే ఏం చెయ్యాలో మాట్లాడే తీర్పులు అవి. తలుపు లోపల ఉన్నవాడే చెవి పెడితే?

దానికి మన తెలుగు నేల మీదే ఒక కేసు ఉంది, చాలామందికి తెలీదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు, 2008 నాటి లా రిపోర్టుల్లో ఉంటుంది. అమెరికాలో ఉన్నప్పుడు ఒక భర్త, భార్యకి తెలియకుండా ఆమె తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్లో మాట్లాడిన మాటలు రికార్డు చేశాడు. తర్వాత విడాకుల కేసులో ఆ హార్డ్ డిస్కు తెచ్చి సాక్ష్యం అన్నాడు. ఆమె గొంతు అవునో కాదో పరీక్ష చేయించాలన్నాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. అలా వినడమే చట్టవిరుద్ధం, ఆమె ప్రైవసీ హక్కుని భంగపరచడం, రికార్డింగ్ నిజమే అయినా సాక్ష్యంగా పనికిరాదు అంది. భార్య తన అమ్మానాన్నలతో మాట్లాడే మాటల్లో కూడా నమ్మకం లేకపోతే ఇక పెళ్ళికి అర్థమేముందన్న భావం ఆ తీర్పులో ఉంది. నాకు ఈ తీర్పు చాలా నచ్చింది. పుట్టస్వామి తీర్పుకి దాదాపు పదేళ్ళ ముందే మన హైకోర్టు ఇంటి లోపల కూడా ప్రైవసీ ఉందని చెప్పింది.

నేను ఇది చదివి సంతోషపడి, ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ పోస్టు రాసే అవసరం ఉండేది కాదు. మొన్న సంక్రాంతికి మా బావ రంగంలోకి దిగాడు.

బావ అంటే చెల్లి అక్క భర్త. వాళ్ళది సత్తుపల్లి, బోర్డర్ దాటితే దగ్గరే. అక్క అక్కడ ప్రైవేటు స్కూల్లో టీచర్. భోగి రోజు రాత్రి మేడ మీదకి తీసుకెళ్ళాడు. "బామ్మర్దీ, మీ అక్క రాత్రిళ్ళు గంటలు గంటలు ఫోన్లో మాట్లాడుతోంది. అడిగితే స్కూలు పని అంటోంది. ఏదో యాప్ ఉంటుందంట కదా, కాల్స్ అన్నీ రికార్డయ్యి మనకి వస్తాయంట" అన్నాడు. నేను చెయ్యనన్నాను. "మామయ్యకి పెట్టావు కదా, నాకు పెట్టవా?" అన్నాడు.

నోట మాట రాలేదు నాకు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద ఆయుధం కూడా ఉంది. ఫోన్ తీసి ఒక యూట్యూబ్ షార్ట్ చూపించాడు. 'భార్య కాల్స్ రికార్డ్ చేయొచ్చు, సుప్రీంకోర్టు సంచలన తీర్పు' అని. "సుప్రీంకోర్టే ఒప్పుకుందిరా, నీదేంటి?"

తీర్పు ఉన్న మాట నిజమే. 2025 జులై 14న వచ్చింది. పంజాబ్‌లోని బఠిండా ఫ్యామిలీ కోర్టులో మొదలైన విడాకుల కేసు. భర్త కొన్నేళ్ళపాటు తనకీ భార్యకీ మధ్య నడిచిన ఫోన్ మాటలు రహస్యంగా రికార్డు చేసి, మెమరీ కార్డులో పెట్టి తెచ్చాడు. పంజాబ్, హర్యానా హైకోర్టు అది ఆమె ప్రైవసీకి భంగం, చెల్లదు అంది. సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. భార్యాభర్తల మధ్య మాటలు బయటపెట్టకూడదన్న పాత ఎవిడెన్స్ యాక్ట్ 122వ సెక్షన్‌లోనే, ఇద్దరి మధ్య కేసు నడుస్తున్నప్పుడు ఆ నిషేధం ఉండదన్న మినహాయింపు ఉంది అని గుర్తుచేసింది. న్యాయమైన విచారణ కూడా హక్కే కదా, తన కేసు నిరూపించుకోడానికి ఉన్న ఆధారాన్ని అతను చూపించుకోవచ్చు అంది. ఇలా అయితే ఇళ్ళలో నిఘా పెరిగిపోతుంది అన్న వాదనకి, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ పెళ్ళి అప్పటికే విరిగిపోయినట్టు అని జవాబిచ్చింది.

రెండు కేసులకీ తేడా గమనించండి. బఠిండా కేసులో రికార్డయింది భర్తతో భార్య మాట్లాడిన మాట. అతను ఆ సంభాషణలో ఒక భాగం. మన హైకోర్టు కేసులో భార్య తన అమ్మతో, స్నేహితులతో మాట్లాడిన మాట. అక్కడ భర్త మూడో మనిషి. బావ అడుగుతున్నది ఈ రెండోది. షార్ట్ చేసినవాడికి ఆ తేడా చెప్పే తీరిక లేదు. పైగా ఆ తీర్పు రికార్డు చెయ్యమని ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. తెచ్చిన సాక్ష్యాన్ని కోర్టు చూడొచ్చా అన్న ఒక్క ప్రశ్నకి జవాబిచ్చింది. ఎలా సంపాదించినా సాక్ష్యం కేసుకి సంబంధించినదైతే చూడొచ్చు అన్న ఆలోచన మన కోర్టుల్లో పాతదే, 1972 మల్కానీ కేసు నాటి నుంచీ ఉంది. దొంగతనంగా తెచ్చిన కాగితమైనా దాని మీద రాసింది నిజమైతే జడ్జి చదువుతాడు. అంతమాత్రాన దొంగతనం పుణ్యం అయిపోదు కదా.

ఇదంతా బావకి చెప్పాను. ఆయన విన్నాడు. విని, పెదనాన్న నాలుగేళ్ళ క్రితం అన్న మాటే అన్నాడు. "తప్పు చెయ్యని మనిషికి భయమెందుకురా? పైన దేవుడు చూడట్లేదా అందర్నీ?"

మన లాంటి భక్తి ఛానళ్ళు చూసేవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట తరచూ వినపడుతుంది, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. దేవుడు చూస్తాడు, నిజం. చిత్రగుప్తుడి చిట్టాలో అన్నీ ఎక్కుతాయి. కానీ ఆ చూసేవాడు ఎలాంటివాడో కూడా మన గ్రంథాలే చెప్పాయి. గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామి తనని తాను సాక్షి అని చెప్పుకున్న చోటే, ఆశ్రయాన్ని అనీ, మేలుకోరే స్నేహితుణ్ణి అనీ కూడా చెప్పుకుంటాడు. నేను రెండు సబ్జెక్టులు ఫెయిలైనప్పుడు (అవును, నేనూ అయ్యాను, సెకండియర్‌లో) స్వామి చూశాడు. మా నాన్నకి వెళ్ళి చెప్పలేదు. నాకు ధైర్యం వచ్చి నేను చెప్పుకునేదాకా ఆగాడు. అందరి లోపలా ఉండి అన్నీ తెలిసి కూడా ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పని వాడి పేరు చెప్పి, ఇంకొకరి గుట్టు లాగడం నాకు అపచారం అనిపిస్తుంది. ఆయన చూపు కావాలంటే ఆయన ఓర్పు కూడా కావాలి. ఓర్పు లేకుండా చూపు ఒక్కటే తెచ్చుకుందామనుకున్నాం పెదనాన్నా, నేనూ.

మరి ఎప్పుడూ చూడకూడదా? పిల్ల ప్రమాదంలో ఉన్నా? మోసగాడి వలలో పడినా? ఈ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు సగం ఆఫీసు నుంచి వచ్చింది, సగం ఉత్తరకాండ నుంచి.

మా పనిలో కస్టమర్ల డేటా ఉండే సర్వర్లలోకి మామూలుగా మాకెవరికీ ప్రవేశం ఉండదు. కానీ అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి. దానికి 'బ్రేక్ గ్లాస్' అనే ఏర్పాటు ఉంటుంది. బస్సులో ఎమర్జెన్సీ అద్దం పగలగొట్టడం లాంటిదే. నేను ఆ అద్దం పగలగొట్టొచ్చు. కానీ పగలగొట్టిన క్షణంలో టీమ్ అందరికీ అలర్ట్ వెళ్తుంది. నా పేరు, టైమ్, నేను తెరిచిన ప్రతి ఫైలు లాగ్‌లో పడుతుంది. ఆ లాగ్‌ని నేను చెరపలేను. తెల్లారి కూర్చుని ఎందుకు వెళ్ళానో రాసివ్వాలి. కారణం సరిపోకపోతే ఉద్యోగం పోతుంది. అంటే రహస్యంలోకి వెళ్ళడం అసలే కుదరదని కాదు. రహస్యంగా వెళ్ళడం కుదరదు.

లక్ష్మణుడు చేసింది అదే కదా. ఆయన తలుపుకి చెవి ఆనించి వినలేదు. దూర్వాసుణ్ణి మాటల్లో పెట్టి కిటికీలోంచి తొంగిచూడలేదు. తలుపు తీసుకుని, అన్నగారి కళ్ళ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. వెళ్ళే ముందే ఖర్చు తెలుసు, అది తనదే అని తెలుసు. ఆయన కారణం ఎంత గొప్పదైనా, ఊరిని కాపాడినా, శిక్షలో మాఫీ అడగలేదు. నాకు చెయ్యి ఆగిపోయింది ఇక్కడే. నేను చేసిన పనికి నేను ఏం కట్టాను? రెండు నెలల చదువు చెల్లి కట్టింది. పెద్దమ్మ కట్టింది. నేనూ పెదనాన్నా చీకట్లో ఉండి చూశాం, ఖర్చు వెలుగులో ఉన్నవాళ్ళ మీద పడింది.

ఇదే కొలత రాజ్యానికి పెట్టినా సరిపోతుంది. ప్రభుత్వం ఫోన్ వినాలంటే హోం సెక్రటరీ స్థాయిలో రాతపూర్వక ఆర్డరు, దాన్ని తిరిగి పరిశీలించే కమిటీ ఉండాలని 1996లోనే సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో చెప్పింది. అదీ బ్రేక్ గ్లాసే. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో ఏది నిజమో కోర్టు తేలుస్తుంది, నేను ఎవరినీ దోషి అనను. కానీ అందులో ఉన్న ఆరోపణల్లో నన్ను పట్టుకున్నది ట్యాపింగ్ కాదు. ప్రభుత్వం మారిన వెంటనే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది. విన్నవాడు విన్న సంగతే కనపడకుండా చెయ్యాలనుకోవడం.

బావ అడిగిన యాప్‌ల గురించి కూడా ఒక మాట. అవి ఫోన్లో ఏదో సిస్టమ్ సర్వీస్ లాంటి పేరుతో దాక్కుంటాయి. రికార్డయినవి మీ దగ్గరికి నేరుగా రావు, ఎక్కడో ఉన్న ఆ కంపెనీ సర్వర్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి వస్తాయి. 2021 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ స్పైఫోన్ అనే ఇలాంటి కంపెనీని ఆ వ్యాపారం నుంచే నిషేధించింది. భద్రత సరిగ్గా లేక వాళ్ళ డేటా అంతకుముందే హ్యాకర్ చేతికి చిక్కింది. అంటే భార్య మీద అనుమానంతో ఒక భర్త, ఆమె మాటల్ని ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతిలో పెడుతున్నాడు. బావకి ఇది చెప్తే మొహం మారింది. ధర్మం, రాజ్యాంగం రెండూ చెప్పినప్పుడు మారలేదు గానీ.

అయినా ఆయన మానలేదు. "నువ్వు చెయ్యకపోతే సత్తుపల్లిలో మొబైల్ షాపోడు చేస్తాడులే" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడట్లేదు. ఇక్కడే నాకు అసలు చిక్కు మొదలైంది. ఆయన నాకు మేడ మీద ఒంటరిగా చెప్పిన మాట అది. అక్కకి చెప్తే, బావ నమ్మి చెప్పిన మాట నేను బయటపెట్టినట్టు. చెప్పకపోతే, తెలిసి తెలిసి అక్క ఫోన్ దగ్గర రెండోసారి కాపలా వదిలేసినట్టు. ఇంత పోస్టు రాసి, ప్రైవసీ ప్రైవసీ అని అన్నవాణ్ణి, బావ గుట్టు కాపాడాలా వద్దా? పదిహేను రోజులు ఇదే తిరిగింది బుర్రలో. చెల్లికి ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను, ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు. చివరికి మెసేజ్ పెట్టాను, ఉన్నదంతా రాసి. రెండు రోజులు బ్లూ టిక్ ఉంది, జవాబు లేదు. మూడో రోజు వచ్చింది: "బావకి చెప్పకుండా అక్కకి చెప్పకు."

ఈ ఆదివారం సత్తుపల్లి వెళ్తున్నాను. నిన్న బావకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ పెట్టాను. వస్తున్నానని, అక్క ముందు కూర్చుని మీరు నన్ను ఏం అడిగారో చెప్తానని, దానికంటే ముందు 2022లో చెల్లి ఫోన్లో నేనేం చేశానో కూడా అక్కకి చెప్తానని. అది అక్కకి ఇప్పటికీ పూర్తిగా తెలీదు. మీరే ముందు చెప్పుకుంటానంటే నేను గుమ్మం బయటే ఉంటాను బావా, అన్నాను.

ఇంకా వినలేదు ఆయన.